మూడు డబ్బాల తెల్లపొడి

మా బాబాయి ఇరవై ఆరేళ్ళుగా ఒకే మందుల షాపులో పనిచేస్తున్నాడు. తాను రాసిన చీటీ తనకే అర్థం కానప్పుడు డాక్టరుగారు మనిషిని పంపి, ఆ మందేమిటో బాబాయిని అడిగించుకుంటాడు. అంతటి మనిషి. ఇంట్లో మాత్రం తాగిన కప్పు తీసుకెళ్ళి తొట్టిలో పెట్టడం తప్ప వంటింటితో ఆయనకు ఏ లావాదేవీ లేదు. షాపు ఆయనది, వంటిల్లు పిన్నిది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఒకరి సరిహద్దు ఒకరు దాటలేదు.

ఆయన దాటవలసి వచ్చిన రోజున నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఉండి ఏం ఉద్ధరించానో చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను గానీ, కుదిరేలా లేదు.

పిన్నికి గొంతులో చిన్న ఆపరేషన్ అయింది. పదిరోజులు నోరు విప్పకూడదన్నారు. మెత్తగా, గోరువెచ్చగా, కారం లేకుండా ఏదైనా పెట్టమన్నారు. రెండు రోజులు బాబాయి హోటల్ నుంచి తెచ్చాడు. మొదటి గుటకకే పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగేవి, గిన్నె పక్కకు జరిపేసేది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె అక్కయ్య దిగింది. నాకు వరసకు పెద్దమ్మ. చెల్లెలి లోతుకుపోయిన చెంపలు చూసింది, చల్లగా పడి ఉన్న పొయ్యి చూసింది, ఇంకేమీ అడక్కుండా బీరువా తెరిచి చెల్లెలి చీరలు సంచిలో సర్దింది.

“అయిదున్నర బస్సుకి దీన్ని తీసుకెళ్తున్నా మరిదిగారూ. నెల పోయాక పంపిస్తా.”

“ఎందుకండీ వదినగారూ, నేను చూసుకుంటున్నా కదా.”

“చూస్తూనే ఉన్నారు మూడు రోజులుగా. చూస్తే దాని కడుపు నిండుతుందా?”

పిన్ని నోటుపుస్తకంలో ఏదో రాసి చూపించబోయింది. “నువ్వు మాట్లాడకు” అంటూ పెద్దమ్మ పుస్తకం మూసేసింది. రాయడం కూడా ఆవిడ లెక్కలో మాట్లాడటమే.

బాబాయి గోడ గడియారం చూసి, “అయిదింటికల్లా నేనే ఏదైనా వండిపెడతా” అన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని పాదాల నుంచి తల దాకా ఒకసారి చూసింది. “సరే. దాన్ని ఒక్క మాట అడక్కూడదు. నన్నూ అడక్కూడదు. అది గిన్నెడు తింటే నేనొక్కదాన్నే పోతా. తినకపోతే మీరు నోరెత్తకూడదు.” పడగ్గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పటికి నాలుగూ పది.

వంటింట్లోకి రాగానే బాబాయి జేబులోంచి ఒక చీటీ తీసి నాకిచ్చాడు. పొద్దున అక్కయ్య వస్తోందని తెలియగానే పిన్ని రాసిందట. ‘నన్ను పంపకండి. అక్క ఒక మాటంటే నాకు పది మాటలు వస్తాయి. అక్కడ నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాదు. గొంతు పోతుంది.’

“చూశావుగా” అన్నాడు. చీటీ మళ్ళీ జేబులో పెట్టుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు.

గుప్పెడు బియ్యం, రెండు బంగాళాదుంపలు, నీళ్ళు, ఉప్పు. అంతకు మించి ఏమీ వద్దనుకున్నాం. మాకు చాతనైందీ అంతే. దుంపల తోలు ఆయన గాయం మీద కట్టు విప్పినంత మెల్లగా తీశాడు. ముక్కలూ బియ్యమూ లీటరు నీళ్ళలో వేసి పొయ్యి ముట్టించాడు. అడుగంటకుండా కలుపుతూ ఉండే పని నాకు అప్పగించాడు.

నాలుగున్నరకి ఉప్పు కోసం చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అరమీద కాఫీ డబ్బా, బిస్కెట్ డబ్బా, పాలపొడి డబ్బా. మూడింటిలోనూ కాఫీ లేదు, బిస్కెట్లు లేవు, పాలపొడీ లేదు. మూడింటిలోనూ మెత్తటి తెల్లటి పొడి. పిన్ని చేతికి తెలుసు ఏది ఏదో. ఆ చెయ్యి పడగ్గది గుమ్మానికి అవతల ఉంది.

“నాలుక మీద వేసుకుంటే సరి” అని వేలు ముంచబోయాను. బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు.

“తెలియని పొడి నోట్లో పెట్టుకుంటావట్రా?”

“బాబాయ్, ఇది వంటిల్లు.”

“ఎక్కడైనా పొడి పొడే. పనిలో చేరిన కొత్తలో నేనూ నీలాగే నాకి చూశా. రెండు రోజులు నాలుక ఉందో ఊడిందో తెలియలేదు. సరే, మీ పిన్ని చీమలమందు ఏ డబ్బాలో పెడుతుందో చెప్పు.”

నాకు తెలియదు.

“నాకూ తెలియదు” అన్నాడు.

నా వేలు దానంతటదే వెనక్కి వచ్చేసింది.

ఆయన మూడు సాసర్లలో చిటికెడు చిటికెడు వేసి, ఒక్కోదానిమీద నిమ్మరసం పిండాడు. కాఫీ డబ్బాలోది బుసబుసా పొంగింది. “సోడా” అని పక్కన పెట్టాడు. తర్వాత బిస్కెట్ డబ్బాలోది చెంచాలో వేసి మంటమీద పట్టాడు. “పంచదార” అనేలోపే అది కరిగి, ఎర్రబడి, నల్లబడి, గది నిండా పొగ పెట్టింది.

“ఏంటది మాడుతోంది?” అవతల కుర్చీ కిర్రుమంది.

నేను వంటింటి గుమ్మంలోకి పరిగెత్తి అడ్డంగా నిలబడ్డాను. “పాలు పొంగాయి పెద్దమ్మా.”

“ఇంట్లో పాలు ఎక్కడివి? నేనొచ్చినప్పుడు చుక్క లేవు కదా.”

నలభై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, అబద్ధం ఆడటం కూడా రాదని తేలిపోయింది. ఆవిడ లేవబోయి, తాను లేస్తే చెల్లెలి దగ్గరికి దారి ఖాళీ అవుతుందని గుర్తొచ్చి కాబోలు, మళ్ళీ కూర్చుంది. గోడ గడియారం వైపు మాత్రం నాకు వినిపించేంత గట్టిగా తల తిప్పింది.

లోపల బాబాయి మూడో పొడిని తడిచెంచాకు అద్ది మంటలో పెట్టాడు. నీలంగా ఉన్న మంట పసుపుపచ్చగా వెలిగింది. పొంగలేదు, నల్లబడలేదు. “ఉప్పు” అన్నాడు, రోగం పేరు తేల్చిన వాడిలా.

అప్పుడే గిన్నెలోంచి మాడు వాసన వచ్చింది. నేను గుమ్మంలో కాపలా కాస్తున్నంతసేపూ గిన్నె కలిపే దిక్కులేదు.

బాబాయి నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. అడుగు కదపకుండా పైపైది మరో గిన్నెలోకి వంచి, మెత్తగా మెదిపి, కొలతగ్లాసుతో కొలిచాడు. ఏడువందల మిల్లీలీటర్లు మిగిలింది. అయిదుకు ఎనిమిది నిమిషాలు.

“ఎంత వెయ్యాలి బాబాయ్? ఇప్పుడైనా రుచి చూడు.”

“రోగికి ఇచ్చే దాంట్లో మనం చప్పరించడమేంట్రా” అని కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. “సెలైన్ లీటరుకి తొమ్మిది గ్రాములు. మనిషి ఒంట్లో ఉండే ఉప్పదనం అదే. అయితే దీనికి ఆరూ చిల్లర.” సిరప్ సీసాతో వచ్చే చెంచాకి నిండుగా తీసి, పైన వేలితో సమంగా తలకొట్టి వేశాడు.

గిన్నె పట్టుకుని వెళ్ళాం. పెద్దమ్మ కుర్చీ జరపకుండానే చెంచా అందుకుని తానే ముందు రుచి చూసింది. గిన్నె చెల్లెలికి అందించింది.

పిన్ని ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు కదిలింది. నొప్పో, మరేమో తెలియలేదు. కళ్ళు తెరిచి రెండో చెంచా తీసుకుంది. మూడోది. సగం గిన్నెకి ఆగింది. పెద్దమ్మ సంచి తాళ్ళమీద చెయ్యి వేసింది. పిన్ని ఆ చేతిని చూసింది, గిన్నె రెండు చేతులా ఎత్తి, చెంచా లేకుండా ఖాళీ చేసి, బాబాయి వైపు చాపింది. ఇంకా కావాలని.

“ఉప్పు కొలత ఎవరు చెప్పారు మీకు?” అంది పెద్దమ్మ.

“సెలైన్ లెక్కండీ.”

“మా చెల్లెలికి సెలైన్ తాగించారా?”

పిన్ని గొంతు పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

“రేపేం చేస్తారు?”

“ఇదేనండీ.”

“ఎల్లుండి?”

“ఇదే.”

“ఏమే, వారం రోజులూ ఇదే తింటావా?”

పిన్ని గబగబా తల ఊపింది. పెద్దమ్మ ఒక్కతే బస్సెక్కింది.

బాబాయి షాపుకి సెలవు పెట్టాడు, అన్నమాట తప్పలేదు. పూటపూటా అదే రెండు దుంపలు, అదే గుప్పెడు బియ్యం, అదే తలకొట్టిన చెంచా. పిన్నీ పూటపూటా గిన్నె ఖాళీ చేసింది. పదిరోజులూ గడిచి, ఇక మాట్లాడవచ్చని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అందరం ఆమె నోటివైపు చూస్తున్నాం. పిన్ని నెమ్మదిగా గొంతు సవరించుకుంది.

“ఏమండీ, రేపట్నించి మీరు షాపుకెళ్ళండి.”