పామర్రు దాటాక వచ్చే చవితి

మొన్న నాగుల చవితి నాడు మనవడి భార్య కారు నడుపుతుంటే పక్కన కూర్చుని, ఖమ్మంలో చీకటితోనే బయలుదేరి పొద్దెక్కేసరికి విజయవాడ చేరాను. చల్లపల్లి అవతల మా పొలం గట్టున ఉన్న పుట్టలో పాలు పోయడం మా ఇంటి ఆనవాయితీ. పోసేదాకా ఆడవాళ్ళం పచ్చి మంచినీళ్ళయినా ముట్టం. పెళ్ళయ్యాక ఇదే మొదటి చవితి కనుక తానూ పస్తుంటానని ఆ పిల్ల పట్టు పట్టింది. వన్ టౌన్‌లో పూల కోసం ఆగినప్పుడు చూస్తే మొహం వాడిపోయి ఉంది. ఎదురుగా హోటల్లో ఇడ్లీపాత్ర మూత తీశారు. ఇంచుమించు ఆ వీధిలోనే, అలాంటి ఆవిరి ముందే, ఆ పిల్ల మామగారు నా కడుపులో ఉండగా మా అత్తగారు కారు ఆపించిన ఉదయం గుర్తొచ్చింది.

అంతకు ముందు సంవత్సరం నాకు కడుపు నిలవలేదు. మళ్ళీ నెల తప్పితే చవితి నాడు కోడలి చేత పస్తుండి పాలు పోయిస్తానని మా అత్తగారు నాగేంద్రుడికి మొక్కుకున్నారు. నెల తప్పింది, చవితీ వచ్చింది. మొక్కు చెల్లకపోతే ఏమవుతుందోనని ఒక భయం, చెల్లించేదాకా ఈ కడుపు తట్టుకుంటుందా అని ఇంకో భయం. రెండూ ఎవరికీ చెప్పకుండా అద్దె అంబాసిడర్‌లో ఆవిడ పక్కన కూర్చున్నాను.

తిథుల దగ్గర ఆవిడది గడియలతో సహా లెక్క. వీధిలోవాళ్ళు ఏకాదశి ఎప్పుడు వెళ్తుందో ఆవిణ్ణి అడిగిగాని పొయ్యి వెలిగించేవారు కాదు. నాకూ లెక్క తేలకపోతే నిద్ర పట్టదు, అత్తాకోడళ్ళకు పొత్తు కుదిరింది ఆ గుణం దగ్గరే. కాబట్టి ఆ ఏడు చవితి ముందు రోజు రాత్రే వచ్చేసిందని ఆవిడకెంత తెలుసో నాకూ అంతే తెలుసు.

విజయవాడ చేరేసరికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆవిడ కారు ఆపించి, సంచిలోంచి పంచాంగం తీసి పేజీలు తిప్పి, "చవితి ఇంకా రాలేదర్రా. పామర్రు దాటాక వస్తుంది. ఈలోపల పిల్ల టిఫిను తినచ్చు," అన్నారు.

ముందు సీట్లోంచి మావారు వెనక్కి తిరిగారు. "అదేమిటమ్మా, రాత్రే వచ్చేసిందన్నావుగా?"

"నువ్వు పంచాంగం చూడ్డం నేర్చుకున్నాక అడుగుదువుగాని. వెళ్ళి ఇడ్లీ చెప్పు. సాంబారు వద్దను, దానికి వాసన పడదు."

"రాలేదుగా మరి, నువ్వూ తిను."

"నాకు ఆకలి లేదు."

ఆవిడ కళ్ళజోడు ఒళ్ళో పెట్టెలోనే ఉంది. అది లేకుండా ఆవిడకు బియ్యంలో రాయి కనిపించదు, పంచాంగంలో అక్షరం ఎలా కనిపిస్తుంది? నేను ఇడ్లీ తిన్నాను.

పుట్టలో పాలు పోసి, నువ్వుల చిమ్మిలి పెట్టి, వెనక్కి తిరిగేసరికి ఆవిడ గబగబా లెంపలు వేసుకుంటున్నారు. చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆవిడ పోయేదాకా మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు. బిడ్డ నిలిచాడు.

మొన్న అదే మాట నేనూ అని చూశాను. "చవితి పామర్రు దాటాక వస్తుందమ్మా. రా, ఇడ్లీ తిందువుగాని."

ఆ పిల్ల ఫోను తీసింది. "రాత్రే వచ్చేసింది నానమ్మగారూ. మీకు లెక్క తప్పడమేంటండీ?" అని నవ్వింది.

ఫోను చెప్పింది నిజమే, నేనూ క్యాలెండరులో అదే చూసి బయలుదేరాను. మన చిన్నతనాల్లో ఇంటికంతకీ ఒక్కరి చేతిలోనే పంచాంగం ఉండేది, ఆ ఒక్కరికీ జాలి కలిగితే తిథి కూడా కాసేపు ఆగేది. ఇప్పుడు తిథి అందరి చేతుల్లోనూ ఉంది, ఎవరి కోసమూ ఆగదు. ఇక దారి లేక హోటల్లో కూర్చుని ఇడ్లీ తెప్పించి, ముందు నేనే తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల నా వంక కాసేపు చూసి, ఫోను బ్యాగులో పడేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

మా అత్తగారికి మాట ఒక్కటే సరిపోయింది, నాకు పస్తు కూడా వదులుకోవలసి వచ్చింది. పుట్ట దగ్గర ఈసారి లెంపలు వేసుకున్నది నేను. పాలు పోసి వెనక్కి తిరిగిన ఆ పిల్ల నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.