జామీను దొరకని ఊరు

మా తమ్ముడికి బెయిలొచ్చి ఇరవై రోజులైంది. మనిషి మాత్రం ఇంకా ఏలూరు జైల్లోనే ఉన్నాడు.

బెయిలంటే ఆ సాయంత్రానికే ఇంటికొస్తాడనుకున్నాను. ఇద్దరు జామీను నిలబడాలనీ, వాళ్ళు పట్టాదారు పాస్‌బుక్కులు చూపించాలనీ లాయరు గారు అప్పుడు చెప్పారు. మాది కొల్లేరు లంక ఊరు. చేపల చెరువులు ఎన్నెకరాలంటే అన్నెకరాలు చూపిస్తారు గానీ, పాస్‌బుక్కు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సరస్సు భూమికి కాగితాలెక్కడివి?

అసలు కొట్లాట జరిగినప్పుడు తమ్ముడు ఊళ్ళోనే లేడు. చేపల లారీతో తాడేపల్లిగూడెం వెళ్ళాడు. పక్క ఊరివాళ్ళు మా చెరువు గట్టు తెగ్గొట్టారని మావాళ్ళు కర్రలు పట్టుకెళ్ళారు, వాళ్ళలో ఒకాయనకి తల పగిలింది. మా ఊళ్ళో ఒక పద్ధతుంది. పోలీసులొచ్చేలోపు పెద్దలు కూర్చుని కేసుకి ఎవరి పేర్లివ్వాలో తేలుస్తారు. పెళ్ళికానివాళ్ళవే ఇస్తారు. ఇదివరకు వారం పదిరోజుల్లో వచ్చేసేవారు, ఊరంతా ఎదురెళ్ళి తీసుకొచ్చేది. ఇప్పుడు నెలలు పడుతోంది. ములాఖత్ వరసలో నిలబడితే తెలుస్తుంది, శిక్ష పడినవాళ్ళ తాలూకు మనుషులు తక్కువ, మాలాంటివాళ్ళే ఎక్కువ.

మొన్న ఊరి పెద్దాయన దగ్గరికెళ్ళాను.

"ఏవండీ, మావాడు మీ అందరికోసం లోపలికెళ్ళాడు. బయటికి తెచ్చేదెవరండీ?"

"నా దగ్గర మాత్రం కాగితాలున్నాయా అమ్మా? దెందులూరులో మా వియ్యంకుణ్ణి అడుగుతాను. కాస్త ఓపిక పట్టు."

పోయిన వారమూ ఆ వియ్యంకుణ్ణే అడుగుతానన్నారు. మావైపు మర్యాద ఎక్కువ, తిడుతూ కూడా అండీ అంటాం. ఆ మర్యాద చూసే నాకు ఒళ్ళు మండింది. అయినా వస్తానండీ అనే చెప్పి వచ్చాను.

నిన్న ములాఖత్‌కి వెళితే తమ్ముడు చిక్కిపోయి ఉన్నాడు.

"పెద్దాయన చూసుకుంటార్లే అక్కా" అన్నాడు.

ఇరవై రోజులుగా వాడలా అనడం, నేను ఊఁ కొట్టడం. ఇక నావల్ల కాలేదు.

"ఎవరూ చూసుకోరురా. జామీనుకి పనికొచ్చే కాగితం ఊళ్ళో ఒక్కరి దగ్గరా లేదు" అనేశాను.



"మరి నన్నెందుకు పంపావక్కా?"

ఆ రాత్రి వాడు లారీ దిగి ఇంటికొచ్చాక, పెద్దాయన మా గుమ్మంలో నిలబడి కేసుకి వాడి పేరివ్వమంటారా అని అడిగినప్పుడు వాడు నావైపు చూశాడు. అమ్మానాన్నా పోయాక ఇంటికి పెద్దదాన్ని కదా. అలాగేనండీ అన్నది నేనే.