మేం బతికుండగానే మా అమ్మకు జరిగిన ఆదరణ కూడిక

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నలభై ఏళ్ళయినా ఉండాలంటారు. నాకింకా ముప్ఫై రాలేదు. అంచేత నా 'ఆ రోజులు' అన్నీ మొన్నమొన్నటివే. అప్పటి చొక్కాలు రెండు ఇప్పటికీ వేసుకుంటున్నాను. అయినా ఆ రోజుల్లో నేను వేరే మనిషిని. లోకంలో ఏ సంగతినైనా ఒక జోకు వేసి తేల్చేయవచ్చని, తేలకపోతే ఇంకో జోకు వేయాలని నాకు గట్టి నమ్మకం. అలాంటివాణ్ణి పోయిపోయి ఒక ఏడాది సేవకు వెళ్తానని పేరిచ్చాను. ఒడిశా కొండల్లో ఒక మిషను ఆసుపత్రి ఉంది. నర్సింగు చదివిన మా అక్క ఆ ఆసుపత్రిలో పనిచేయడానికి, నేను దాని పక్కనున్న హాస్టలు పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఖాయమైంది. అక్క వెళ్తుందని తెలిసి సంఘమంతా 'స్తోత్రం' అన్నారు. నేను వెళ్తున్నానని తెలిసి 'వాడెందుకు?' అన్నారు. (అన్నవాళ్ళలో మా పాస్టరు అయ్యగారు కూడా ఉన్నారు.)

మాది పర్చూరు పక్కన పల్లె. నాన్న మిర్చి లారీ తోలుతాడు. అమ్మ కల్లాల్లో మిరపకాయలకు ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. రోజంతా ఎండుమిరపకాయల మధ్య కూర్చున్న చేతులతో కళ్ళు తుడుచుకోవడం ఎంత ప్రమాదమో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. అందుకేనేమో మా అమ్మ ఏడుపు జోలికి పెద్దగా పోదు. మా ప్రయాణం ఖాయమైన రోజు కూడా ఏడవలేదు. ఒకే ఒక్కటి అడిగింది.

"శుక్రవారం సాయంత్రం గదా రైలు. ఆ రోజు పొద్దున్నుంచీ మీరిద్దరూ నాకు కావాలి. మీరెక్కడికీ పోగూడదు, మనింటికి ఎవరూ రాగూడదు. నేను వండుతా, మీరు నా ఎదురుగా కూర్చుని తినాలి. అంతే."

"అంతేనా? పాటలు, ప్రసంగం, కానుక ఏమీ లేవా అమ్మా?" అన్నాను.

"నోరు మూసుకుని తినాలి" అని సవరించింది.

ఆ కోరికలో అన్యాయం ఏమీ లేదు. సేవకు వెళ్తున్నామని తెలిసిన దగ్గర్నుంచి ఊళ్ళో మాకు ఇంటింటా విందులు, ప్రార్థనలు. ఈ పూట ఒకరింట్లో బిర్యానీ, ఆ పూట ఇంకొకరింట్లో పలావు. సొంత ఇంట్లో ఉంటూ కూడా అమ్మను గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకునేటప్పుడూ విప్పేటప్పుడూ మాత్రమే చూస్తున్నాం. సీజను మధ్యలో, కూలి మనుషులకు గిరాకీ బాగా ఉన్నప్పుడు, అమ్మ ఆ శుక్రవారం పని మానేసింది. నాన్న మాత్రం మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు పోక తప్పలేదు. ముందే మాకు వీడ్కోలు చెప్పేశాడు. (మొత్తం రెండు మాటలు. రెండూ 'జాగ్రత్త'లే.)

గురువారం సాయంత్రం పెదకాకాని దగ్గర మా పిన్ని వాళ్ళ చర్చిలో యువకులు మాకు వీడ్కోలు సభ పెట్టారు. రాత్రి అక్కడే ఉండి, శుక్రవారం తొమ్మిదికల్లా ఇల్లు చేరతామని అమ్మకు మాటిచ్చి వెళ్ళాం. అక్క తన ఫోను అమ్మకు ఇచ్చేసింది, మమ్మల్ని వీడియోలో చూసుకోవడం ముందుగా అలవాటు కావాలని. నా ఫోను సభలో ఛార్జింగు అయిపోయి చచ్చింది, ఛార్జరేమో ఇంట్లో ఉండిపోయింది. ఈ రెండు చిన్న సంగతులూ లేకపోతే ఆ తర్వాత జరిగిందంతా జరిగేది కాదు.

మేమటు వెళ్ళగానే ఇల్లు బోసిపోయి, అమ్మ చర్చికి వెళ్ళింది. అక్కడ మైకు తాతయ్య ఉన్నాడు. ఈయన మా సంఘపెద్ద. తెల్లవారుజామున ప్రార్థన చేసేదీ, మైకులో ఊరికి కబుర్లు చెప్పేదీ ఈయనే. మైకు లేకుండా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు; చెవులు మందగించాయి కాబట్టి ఆయన కూడా విని ఉండడు. అమ్మ ఆయనతో, "పిల్లలిద్దరూ ఒకేసారి వెళ్ళిపోతుంటే నాకేం తోచట్లేదు బాబాయ్. రేపు పొద్దున ప్రార్థనలో రెండు మాటలు చెప్పు. నాకు కాస్త ఆదరణగా ఉంటది" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆదరణ అంటే ఓదార్పు. ఎవరికైనా కావాల్సిందే. కానీ మా సంఘాల్లో 'ఆదరణ కూడిక' అంటే ఒకటే అర్థం. ఎవరైనా చనిపోతే ఆ ఇంటివాళ్ళను ఓదార్చడానికి అందరూ చేరి చేసే ప్రార్థన. మైకు తాతయ్యకు పెళ్ళి కబురు చెప్పడం తెలుసు, చావు కబురు చెప్పడం తెలుసు. మా ఊరినుంచి అంతకుముందు ఎవరూ మిషను సేవకు వెళ్ళలేదు కాబట్టి ఆ కబురు ఎలా చెప్పాలో ఆయనకు తెలియదు. తన దగ్గరున్న మాటల్లోంచి మంచి బరువైనవి ఏరుకున్నాడు. శుక్రవారం తెల్లవారుజామున ఊరంతా వినబడేలా ఇలా చదివాడు:

"మన సహోదరి గారి కుమార్తె, కుమారుడు ఇద్దరునూ ప్రభువు పిలుపునందుకొని, ఈ లోక బంధములను విడిచి, మనలనెడబాసి వెళ్ళుచున్నారు. ఆ తల్లికి నేడు ఆమె గృహమందు ఆదరణ కూడిక. అందరునూ పాల్గొనవలెను."

ఇందులో ఒక్క అబద్ధం చూపించండి. పిలుపు అందుకున్నాం. వెళ్తున్నాం. ఆ కబురులో మమ్మల్ని బతికించి ఉంచింది ఒక్క 'చున్నారు' మాత్రమే. దాన్ని మైకు మింగేసింది.

సగం నిద్రలో ఉన్న ఊరికి 'ప్రభువు పిలుపు', 'ఎడబాసి', 'ఆదరణ కూడిక' అని మూడు ముక్కలు వినబడ్డాయి. నాకు ఫోను చేశారు. స్విచ్ఛాఫ్. అది చాలదూ? అక్కకు చేశారు. అమ్మ ఎత్తింది. "అది లేదమ్మా, వెళ్ళిపోయింది. ఫోను నాకు వదిలేసి పోయింది" అంది. అవతలివాళ్ళు గొల్లుమన్నారు. పిల్ల మీద ఇంత అభిమానమా అని అమ్మ మనసు కరిగిపోయింది. అక్కడినుంచి కబురు వాట్సాప్ ఎక్కి, సాయంత్రానికి రైలెక్కాల్సిన మమ్మల్ని పొద్దున్నే పైకి పంపించేసింది. (యాక్సిడెంటని ఒకరు, రాత్రి పూట బండి తోలొద్దంటే విన్నాడా అని ఇంకొకరు. నాకు బండే లేదు.)

పిన్ని టిఫిను పెట్టందే కదలనివ్వలేదు; మేం ఊరి ముందు బస్సు దిగేసరికి పదకొండయింది. దారికి రెండు పక్కలా ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా ఉన్నాయి, కల్లాల్లో మాత్రం ఒక్క మనిషి లేడు. సందు మలుపు తిరిగేసరికి మా ఇంటి ముందు షామియానా. ప్లాస్టిక్ కుర్చీలు. ఆటోలు. లోపలినుంచి ఏడుపులు. అక్క చేతిలో సంచి జారిపోయింది. "అమ్మ!" అని ఒక్క అరుపు అరిచి పరిగెత్తింది. నా జీవితంలో ఒక్క జోకు కూడా తట్టని క్షణాలు తక్కువ, అది వాటిలో మొదటిది. పొద్దున తొమ్మిదికల్లా రమ్మంది. నా ఎదురుగా కూర్చుని తినమంది. రెండు గంటలు ఆలస్యంగా వచ్చాం.

కుర్చీలో కూర్చున్న ఒక పొరుగూరి పెద్దాయన కనబడితే, "ఎవరండీ... పోయింది?" అన్నాను.

"అక్కా తమ్ముడంట బాబూ. చిన్న వయసు. అక్క బంగారంట."

"తమ్ముడో?"

"వాడు కాస్త వాగుడుకాయంట. అయినా పోయినోళ్ళ గురించి చెడ్డ చెప్పకూడదు" అని పెద్దాయన నాకు కుర్చీ చూపించాడు.

నిజంగానే కూర్చున్నాను. అమ్మ బతికే ఉందన్న సంగతి ఒకవైపు, నేను పోయానన్న సంగతి ఇంకోవైపు. రెండూ ఒకేసారి తలకెక్కలేదు. ఇంతలో లోపలినుంచి చెంబు కిందపడిన చప్పుడు, ఒక కేక. కోళ్ళత్త గొంతు. (మా పక్కింటావిడ, ఆమెకు చాలా కోళ్ళు, చాలా గొంతు.) అక్కను చూసిందన్నమాట. నేనూ లేచి వెళ్ళాను. నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు గోడకు అతుక్కుపోయారు. ఒకావిడ నా చెయ్యి గిల్లి చూసింది. అంతమంది మధ్యలో చాప మీద కూర్చున్న మా అమ్మ ఒక్కతే ఏమాత్రం ఆశ్చర్యపోకుండా మమ్మల్ని చూసి అరిచింది.

"ఇప్పుడా రావడం? తొమ్మిదని చెప్పానా లేదా!"

పొద్దున్నుంచీ అమ్మకు ఏమీ అర్థం కాలేదట. అందరూ వచ్చి కావిలించుకుని ఏడుస్తుంటే, పిల్లలు దూరమవుతున్నందుకు తనను ఓదారుస్తున్నారనుకుంది. ఇంత ప్రేమ చూపిస్తుంటే ఏడవకపోతే బాగుండదని తనూ ఏడ్చింది. కోళ్ళత్త తర్వాత మాకు చెప్పింది.

"'ఏం చేస్తాం వదినా, ప్రభువుకే కావాల్సొచ్చారు' అన్నాను. మీ అమ్మేమో 'అవును వదినా, ముందు వద్దన్నాను, తర్వాత నేనే సంతోషంగా పంపించా' అంది. నాకు గుండె జారింది. 'ఇద్దర్నీనా?' అన్నాను. 'ఒకరికొకరు తోడుంటారని' అంది. ఇంకా ఏమందో తెలుసా? 'పిల్లాడు ఏడాదికి తిరిగొచ్చేస్తాడు, అమ్మాయే కాస్త ఆలస్యం' అంది! మతి పోయిందనుకుని తలకు ఆముదం పెట్టించాం."

నిజమే, అమ్మ తల నిండా ఆముదం కారుతోంది.

మైకు తాతయ్యను పిలిపించారు. ఆయన ఏమాత్రం తగ్గలేదు. "పిలుపు అందుకున్నారా లేదా? ఎడబాస్తున్నారా లేదా? మీరు అర్థం చేసుకోకపోతే నేనేం చేసేది?" అని మమ్మల్ని పైకీ కిందకీ చూశాడు, బతికి ఆయన ప్రకటన పాడుచేసినట్టు. జనం నవ్వారు, కొందరు తిట్టారు. బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చినవాళ్ళలో ఒకరిద్దరి ముఖాల్లో చిన్న నిరాశ కూడా కనబడింది. అయ్యగారు ఎటూ అందరూ చేరారు కదా అని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. అది ఆయనకు చిన్నగా చేయడం రాదు.

అసలు నష్టం అప్పటికే జరిగిపోయింది. చావు ఇంట్లో పొయ్యి వెలగకూడదని కోళ్ళత్త పొద్దున్నే వచ్చి, అమ్మ మాకోసం పొయ్యి మీద పెట్టిన గోంగూర మాంసం దించేసి, గిన్నెతో సహా తన ఇంటికి తీసుకుపోయింది. ఇరుగుపొరుగు వండి తెచ్చిన అన్నం, పప్పుచారు గంగాళాల్లో ఉన్నాయి. వచ్చినవాళ్ళను తినకుండా పంపడం మర్యాద కాదు. అమ్మ చెంగు బిగించి వడ్డనకు లేచింది. ఆ పక్క వరసలో అక్క, ఈ పక్క వరసలో నేను నీళ్ళు పోస్తూ. మధ్యమధ్యలో అమ్మ మావైపు చూసేది. ఎవరో 'పప్పుచారమ్మా' అనేవారు, మళ్ళీ అటు తిరిగేది. రెండయింది, మూడయింది. పొరుగూరి పెద్దాయన రెండోసారి చారు పోయించుకుని, "వాగుడుకాయవి నువ్వేనా?" అని నన్ను ఆప్యాయంగా అడిగాడు.

అందరూ కదులుతుండగా దాచేపల్లినుంచి మా మేనమామ జీపులో బంధువులందరినీ ఎక్కించుకుని, పెద్ద పూలదండతో దిగాడు. దారంతా ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. నన్ను చూసి ముందు కౌగిలించుకున్నాడు, తర్వాత ఒక్కటి పీకాడు. రైలు వేళయింది కాబట్టి అదే జీపులో మమ్మల్ని చీరాల స్టేషనుకు చేర్చాడు. వెనక సీట్లో అత్తయ్యల మధ్య అమ్మ ఎక్కడో ఇరుక్కుపోయింది. ముందు సీట్లో నేను, నా ఒళ్ళో నా దండ. దాచేపల్లి దూరం కాబట్టి వాళ్ళు మమ్మల్ని స్టేషను బయటే దించి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం, నేను బస్సులో పోతాలే అని మాతో లోపలికి వచ్చింది. రైలు రావడానికి పది నిమిషాలుంది. అమ్మ అడిగిన రోజులో మిగిలింది అంతే.

అప్పుడు స్టేషను మైకు మోగింది. మా బండి గంట ఆలస్యం.

ప్లాట్‌ఫారం మొత్తం ఉసూరుమంది. అమ్మ ఒక్కతే, "ఎంతన్నాడు?" అంది.

"గంట."

అమ్మ సిమెంటు బెంచీ మీద చెంగుతో దుమ్ము దులిపింది. సంచిలోంచి క్యారియరు తీసింది. కోళ్ళత్త సిగ్గుపడి ఆ గోంగూర మాంసం తనే ఉడికించి, మేం జీపెక్కేటప్పుడు అమ్మ చేతిలో పెట్టిందట. అమ్మ అన్నం కలిపి అక్కకో ముద్ద, నాకో ముద్ద పెట్టడం మొదలుపెట్టింది. అక్క తింటూ ఏడ్చింది. నేను రెండు ముద్దలు తిని, చెయ్యి తుడుచుకుని, ఎంక్వైరీ కౌంటరుకు పరిగెత్తాను. "ఇంత ఆలస్యమైతే ఎలాగండీ, మేం సేవకు వెళ్తున్నాం" అన్నాను. కౌంటర్లో ఆయన తలెత్తకుండా, "మేమూ సేవే చేస్తున్నాం, పోయి కూర్చోండి. ఇంకో నలభై నిమిషాలు పెరిగింది" అన్నాడు.

వచ్చి ఆ కబురు చాలా కోపంగా చెప్పాను. అమ్మ ఇంకో ముద్ద కలిపింది. "మంచి బండి" అంది.

ఏడాది తర్వాత నేను తిరిగి వచ్చేశాను. అక్క ఇంకా ఆ కొండల్లోనే ఉంది. ఇప్పుడు ఏ స్టేషనులో బండి ఆలస్యమైనా, పక్కవాళ్ళు విసుక్కుంటుంటే, నాకు ఆ కుర్రాడు కనబడతాడు. మూతికి గోంగూర అంటుకుని, చేత్తో టికెట్టు పట్టుకుని కౌంటరువైపు పరిగెడుతుంటాడు. వాడి చొక్కా పట్టుకుని ఆపి, "ఎక్కడికిరా ఆ పరుగు, పోయి అమ్మ పక్కన కూర్చో" అనాలనిపిస్తుంది. వాడు ఆగడు. బండి త్వరగా రావాలి వాడికి.