డోలక్ వాయించిన డ్రైవరు

ఖతార్‌లో నా వయొలిన్‌కు లయ నేర్పింది ఒక డ్రైవరు. కడప జిల్లా మనిషి, ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు ఇంట్లో పని. తొంభైల్లో ప్రతి శుక్రవారం డోలక్ పట్టుకుని దోహాలోని మా ఇంటికి వచ్చేవాడు. ఏళ్ల తరబడి గదిలో ఒంటరిగా సాధన చేసిన నాకు వేళ్లు కదిలేవే గాని, పక్కవాడి కోసం ఆగడం తెలియదు. నేను వేగం పెంచగానే ఆయన అరచేతిని డోలక్ మీద మెత్తగా ఆనించి నవ్వేవాడు.

"ఉరకద్దు సార్, నేనుండా గదా!"

రెండేళ్లకు ఆగడం నేర్చుకున్నాను. ఆ ఉగాదికి తెలుగువాళ్ల సభలో మా ఇద్దరి కచేరీ అనుకున్నాం. ఆయన కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. నిర్వాహకుడు నన్ను పక్కకు పిలిచాడు.

"డోలక్‌కి మన ఇంజనీరుగారున్నారు కదండీ. డ్రైవర్ని స్టేజీ ఎక్కిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

మనుషులంతా సమానమని పుటలకొద్దీ రాసినవాణ్ణి. ఆ పూట మాత్రం సరేనని తలూపాను.

"ఈసారికి ఏమనుకోకయ్యా" అన్నాను ఆయనతో.

"దాందేముంది సార్" అని, ఆ కొత్త చొక్కాతోనే వచ్చి వెనక నిలబడి విన్నాడు. పాట సగంలోనే నేనూ ఇంజనీరుగారూ చెరో దారి పట్టాం. అయినా చప్పట్లు కొట్టాడు.

మరుసటి శుక్రవారం రాలేదు. ఫోన్ చేశాను.

"డ్యూటీ ఉండాది సార్. ఛుట్టీ మాఫీ" అన్నాడు, సెలవు లేదని అక్కడి గల్ఫ్ మాటల్లో.

యజమాని కుటుంబాన్ని విమానాశ్రయంలో దింపి వచ్చానని, నెల దాకా తిరిగి రారని ఉగాదినాడు ఆయనే నాతో చెప్పాడు. తప్పు ఒప్పుకోవడానికి అదే అదను. "సరేలే" అని ఫోన్ పెట్టేశాను.