మాట వినని నా కూతురు

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మాది మలేషియాలో హుటాన్ మెలింటాంగ్. చేపల పడవ మీద పనిచేసే మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు రూతు. ఎక్కడో అమెరికా పక్క సముద్రంలో, డచ్చివాళ్ల పాలనలో ఉన్న సేబా అనే చిన్న దీవిలో నర్సు.

ఒక పొద్దున ఫోన్ చేసింది. "అమ్మా, పెద్ద తుఫాను వచ్చేస్తంది. బయమేస్తంది."

మాది బురద నేల. నీళ్లొస్తే పడవెక్కుతాం. నాకు తెలిసింది అదే. "ఇంకా ఏటి సూస్తన్నావే? రేవుకి పరుగెట్టి పెద్ద పడవెక్కేయ్!" అని అరిచాను. అది ఏదో చెప్పబోతుండగానే ఫోన్ తెగిపోయింది, మళ్లీ కలవలేదు.

పక్కింటి అప్పన్న దగ్గరికి పరుగెత్తాను. ఓడల్లో తిరిగొచ్చిన మనిషి. జరిగింది చెప్పాను.

"ఐయో, ఎంత పని సేసినావు వదినా! ఆ దీవి నాను సూసినాను. సముద్రంలోంచి నిలువుగా లేసిన కొండ అది. తుఫానులో రేవుకి దిగితే కెరటం బండలకేసి కొట్టేస్తాది. పైనున్నోళ్లే బతుకుతారు."

రెండు రోజులు ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. తుఫాను కాదు, నా నోరే బిడ్డను మింగిందనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. "బాగున్నానమ్మా. పైవీధి ముసలమ్మ తనింటికి లాక్కెళ్లిపోయింది. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు లాహ్," అంది మా మలేషియా యాసలోనే.

"రేవుకెల్లలేదా?"

"నీ మాట నానెప్పుడు విన్నాను?"

మాట వినని మొండిదానా అని దాన్ని చిన్నప్పటి నుంచీ తిట్టాను. ఆ రోజూ అదే తిట్టు తిట్టాను, ఏడుస్తూ.

ఇప్పుడు ఎవరికైనా సలహా చెప్పే ముందు, మీ నేల ఎలాంటిదమ్మా అని అడుగుతున్నాను.