నిదానంగారి కూతురు ఆరో తరగతికి వచ్చింది

నిదానంగారు బడి బస్సు నడుపుతారు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, వాడేవాళ్ళు లేక దానికి తుప్పు పట్టింది. ఆయన బస్సును సైకిళ్ళు సైతం దాటిపోతాయి. ఒకసారి పిల్లికూన రోడ్డు దాటుతోందని ఆగారు. అది నడిరోడ్డు మీద కూర్చుని తీరిగ్గా కాళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. వెనక బళ్ళన్నీ హారన్లు మోగిస్తుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకొక్క కాలేనండీ!" అని సముదాయించారు.

బస్సు కదిలించే ముందు ఆయన రెండు పనులు తప్పకుండా చేస్తారు. ఒకటి, కళ్ళు మూసుకుని, "ఎక్కినవాళ్ళందర్నీ క్షేమంగా దింపించు తండ్రీ" అనుకోవడం. రెండోది, నెత్తిమీదున్న పెద్ద అద్దంలో సీటు సీటూ చూడటం. కొందరు డ్రైవర్లు తలలు లెక్కపెడతారు. ఈయన పెట్టరు. "లెక్కపెట్టడానికి వాళ్ళేమన్నా కొబ్బరికాయలా? ముఖం చూడాలి" అంటారు. ముఖం చూస్తే ఎవరు ఏడ్చి వచ్చారో, ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరి పన్ను ఊడిందో తెలిసిపోతుంది. పన్ను ఊడినవాళ్ళకు దిగేటప్పుడు ప్రత్యేకంగా అభినందనలు కూడా ఉంటాయి.

అలాంటి నిదానంగారి ఒక్కగానొక్క కూతురు ఐదో తరగతి దాకా వీధి చివర చిన్నబడిలో చదివింది. ఆరో తరగతికి పెద్దబడిలో చేరింది. పెద్దబడికి నాన్న బస్సులోనే వెళ్ళాలి. ఆ సంబరంలో ఆయనకు సెలవులు ఎలా గడిచాయో తెలీదు. కూతురికని ఎంచిన ఎడమవైపు మూడో సీటులో స్ప్రింగు గుచ్చుకుంటుందని విప్పించి కొత్త దూది పెట్టించారు. కిటికీ అద్దం తుడిచి తుడిచి, అద్దం ఉందో లేదో వేలితో పొడిచి చూస్తే తప్ప తెలీకుండా చేశారు.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం కూతురు వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నాన్నా, నీకో మాట చెప్పాలి."

"వంద చెప్పు తల్లీ."

"ఒక్కటే. రేపట్నించి బస్సులో నువ్వు నాకు నాన్నవి కావు."

నిదానంగారు మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చి అలాగే భార్య వైపు చూశారు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ కళ్ళనీళ్ళు ఎందుకో ఆయన తేల్చుకోలేకపోయారు.

"మరి ఎవర్నమ్మా?"

"డ్రైవరువి."

"డ్రైవర్నేగా!"

"అదే, అంతవరకే. తల్లీ, బంగారం, చిట్టీ అనొద్దు. నీళ్ళు తాగావా అని అడగొద్దు. అసలు నా పేరే నీకు తెలీదు."

"పేరు పెట్టిందే నేను కదే!"

"దిగాక గుర్తుతెచ్చుకో."

"మరి నేనో?" అంది వాళ్ళమ్మ. "గేటు దగ్గర నిలబడొచ్చా, లోపల దాక్కోవాలా?"

కూతురు కాస్త ఆలోచించింది. "నిలబడొచ్చు. చెయ్యి మాత్రం ఊపకూడదు."

మర్నాటి నుంచి నాటకం మొదలైంది. నిదానంగారు మాట ఇస్తే ఇచ్చినట్టే. మూడో సీటు వైపు తల తిప్పేవారు కాదు. కూతుర్ని పిలవాల్సి వస్తే దగ్గేవారు. సాయంత్రం బడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు మొదటి స్టాపు వాళ్ళిల్లే. గేటు ముందు బస్సు ఆగగానే భార్య కూడా తన వేషం తాను కట్టేది.

"నమస్కారం డ్రైవరుగారూ! ఎండనపడి వస్తున్నారు పాపం, కాసిని మంచినీళ్ళు తాగండి."

"చల్లగా ఉండు తల్లీ. ఎవరి బిడ్డవో!"

ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కూతురు బ్యాగు ఈడ్చుకుంటూ లోపలికి పరిగెత్తేది.

"పరువు తీస్తున్నారు ఇద్దరూ!" అనేది తలుపు వేసుకున్నాక. ఆ తలుపు కూడా కొత్తే. అంటే తలుపు పాతదే, వేసుకోవడం కొత్త.

పది రోజులు కాకుండానే రెండో ఫిర్యాదు వచ్చింది.

"నువ్వు అద్దంలో నన్నే చూస్తున్నావు."

"అందర్నీ చూస్తానమ్మా. అది నా పద్ధతి."

"అందర్నీ చూస్తావు. నా దగ్గరికి వచ్చేసరికి నవ్వుతావు."

నిదానంగారు కాదనలేకపోయారు. మర్నాడు నవ్వు ఆపుకుని చూశారు. "ఏంటన్నయ్యా, పన్నునొప్పా?" అని ఆయమ్మ అడిగింది. ఆయమ్మ అంటే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే మనిషి. అన్నయ్య బాధ చూడలేక లవంగం కూడా తెచ్చి ఇచ్చింది.

ఆ వారమే బళ్ళో ఆరో తరగతి తల్లిదండ్రులకు సమావేశం పెట్టారు. నిదానంగారు బస్సు గేటు పక్కన నిలిపి, చొక్కా సర్దుకుని, వెనక బెంచీలో మోకాళ్ళు పట్టక అడ్డంగా కూర్చున్నారు. క్లాసు టీచరమ్మ మెల్లగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"ఐదు దాకా ఒకటే గది, ఒకరే టీచరు. ఇప్పుడు గంట కొట్టినప్పుడల్లా గది మారాలి, మనిషి మారాలి. కాబట్టి వస్తువులు పారేసుకుంటారు, తిట్టకండి. నిన్నటిదాకా మీ కొంగు పట్టుకున్నవాళ్ళే రేపు మిమ్మల్ని చూసి సిగ్గుపడతారు, బాధపడకండి. స్నేహితులే లోకమంటారు, అననివ్వండి. ఈ ఒక్క ఏడాదీ కొంచెం దూరం పాటించండి..."

సరిగ్గా అప్పుడే గేటు వాచ్‌మన్ గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. "నిదానంగారూ, బండి తియ్యండి! నీళ్ళ ట్యాంకరు బయటే నిలబడిపోయింది!"

ఆయన బండి వెనక్కి తీసి, ముందుకు తీసి, ఆయన పద్ధతిలో తిరిగి వచ్చేసరికి బెంచీలు ఖాళీ. అయినా ఏమీ కోల్పోయాననిపించలేదు. దూరం పాటించడమంటే డ్రైవరుకు ఒకరు చెప్పాలా? ముందు బండికీ మన బండికీ మధ్య జాగా వదలడం. ఆ మాట లారీల వెనక కూడా రాసి ఉంటుంది.

మర్నాడు పొద్దున అద్దంలో మూడో సీటు కనబడే చోట ఒక పొద్దుతిరుగుడు పువ్వు స్టిక్కరు అంటించారు. ముందుపళ్ళు లేని ఒకటో తరగతి పాప ఒకర్తి ఎప్పుడో ఇచ్చింది అది. ఇక చూద్దామన్నా కూతురు కనబడదు. నవ్వు పువ్వు దగ్గరే ఆగిపోతుంది. తనంతటి తండ్రి ఉండడనుకున్నారు.

అలా కొన్నాళ్ళు నడిచింది. ఒక సాయంత్రం బడి వదిలారు. పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. నిదానంగారు కళ్ళు మూసుకుని ప్రార్థించారు, కళ్ళు తెరిచి ముఖాలు చూశారు, పువ్వునూ చూశారు, బయల్దేరారు.

ఇంటి ముందు ఆపారు. తలుపు తెరిచారు. ఎవరూ దిగలేదు.

అలిగిందేమో అనుకున్నారు. పొద్దున్న టిఫిను డబ్బా మర్చిపోతే బస్సులోకి అందించి, "ఎవరిదో పాపం" అన్నారు మరి. వెనక్కి తిరగకూడదు, పేరు తెలీదు. సన్నగా దగ్గారు.

"నమస్కారం డ్రైవరుగారూ!" అంది భార్య గేటు దగ్గర్నుంచి. "ఇక్కడ దిగాల్సినవాళ్ళెవరూ లేరా?"

"ఉండాలమ్మా. చూస్తున్నాం."

మళ్ళీ దగ్గారు. ఆయమ్మ వెనకసీట్ల దగ్గర ఎవరి బూటు తాడో కడుతోంది. చివరికి ముందుపళ్ళు లేని పాప లేచి ఆయన భుజం తట్టింది.

"డ్రైవరు మామయ్యా, ఎంత దగ్గినా రాదు. అక్క అసలు ఎక్కలేదు."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. మూడో సీటులో కొత్త దూది మాత్రమే ఉంది.

"నువ్వు చూడలేదా ఆయమ్మా?"

"నన్నూ పలకరించొద్దందిగా అన్నయ్యా! అయినా కన్నతండ్రివి, అద్దం పెట్టుకుని కూర్చున్నావు, నువ్వు చూడవా అనుకున్నా!"

సాయంత్రం బడి దగ్గర ఏ పిల్ల ఎక్కకపోయినా నిదానంగారి బస్సు అంగుళం కదిలేది కాదు. లోకంలో ఒక్క పిల్లనే వదిలేసి వచ్చారు. ఆ పిల్ల తన పిల్ల.

భార్య అప్పటికే చెప్పులు వేసుకుంది. పిండి చేతులతోనే బస్సెక్కి ముందు సీట్లో కూర్చుని, "పదండి" అంది.

పిల్లలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే నిదానంగారిది ఒక మాట ఊరంతా ప్రసిద్ధం: వెళ్ళిన బండి వెనక్కి రాదు. పొద్దున్న ఆలస్యమై చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చే పిల్లలకీ, చెప్పుల్లేకుండా వెంటపడే తండ్రులకీ ఏళ్ళ తరబడి అదే సమాధానం.

"మామయ్యా, వెళ్ళిన బండి వెనక్కి రాదుగా?" అంది పాప.

"వెళ్ళలేదమ్మా," అన్నారు ఆయన స్టీరింగు తిప్పుతూ. "అందరూ ఎక్కందే బండి బయల్దేరినట్టు కాదు."

పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా కేక వేశారు. ఆయమ్మ ఫోను తీసి ముందు బడికి చేసింది. "ఉంది, ఉంది, గేటు దగ్గర కూర్చోబెట్టారు!" అని అరిచింది. నిదానంగారి భార్య కళ్ళు మూసుకుని పిండి చేతులే జోడించింది. తర్వాత ఆయమ్మ, ముందు స్టాపుల్లో ఎదురుచూసే తల్లులకు చెప్పుకుంటూ పోయింది. ఎవరైనా నాలుగు మాటలంటే పడాల్సిందే. కానీ ఒక్కరూ అనలేదు. "మా వాడు గంటసేపు మీ దగ్గరుంటే నాకూ కాస్త విశ్రాంతి. నెమ్మదిగా రమ్మను" అంది ఒకావిడ. దేవుడు అలాంటి మాటలు ఎవరి నోట పలికిస్తాడో ముందుగా తెలీదు.

ఆ పూట నిదానంగారి బస్సు రెండు సైకిళ్ళను దాటింది.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ తన కుర్చీ పిల్లకిచ్చి తాను నిలబడ్డాడు. పక్కన టీచరమ్మ కూడా ఇంటికి పోకుండా ఉండిపోయింది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. జామెట్రీ బాక్సు ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. ఆ రోజు కూర్చున్న గదులన్నీ వెతుక్కుంటూ వెళ్ళింది. అది చివరికి బ్యాగులోనే దొరికింది. అప్పటికి బస్సు మలుపు తిరిగింది.

అమ్మ వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల మాత్రం నాన్ననే చూసింది.

"వేరేవాళ్ళు రాకపోతే ఆగేవాడివి కదా?"

"ఆగేవాణ్ణి."

"హారన్ కొట్టేవాడివి."

"దిగొచ్చి వెతికేవాణ్ణి."

"మరి నాకెందుకు ఆగలేదు?"

"నువ్వు నాకు తెలీదు కదమ్మా," అన్నారు ఆయన. అని గేటు ఊచ పట్టుకున్నారు.

"ముఖాలు చూస్తావుగా! అద్దంలో చూడలేదా?"

పిల్ల బస్సెక్కి డ్రైవరు సీటు మీద మోకాలు ఆనించి అద్దంలోకి చూసింది. పళ్ళు లేని పాప ఉంది, కిటికీకి ముక్కు ఆనించిన కుర్రాడున్నాడు, ఆయమ్మ ఉంది. అందరూ ఉన్నారు. తను కూర్చునే చోట ఒక పసుపుపచ్చ పువ్వు ఉంది.

"టీచరమ్మగారు దూరం పాటించమన్నారని..." అని కింద నుంచి నసిగారు నిదానంగారు.

"అయ్యో రామా!" అంది టీచరమ్మ. "మీరు బండి తియ్యడానికి వెళ్ళిపోయారా? 'దూరం పాటించండి, చూపు మాత్రం తప్పించకండి' అని కదండీ చెప్పాను. ముఖ్యమైన ముక్క మీరు లేనప్పుడు పడింది!"

"నీళ్ళ ట్యాంకరమ్మా," అన్నాడు వాచ్‌మన్, నేరమంతా తనదే అన్నట్టు.

పిల్ల గోరుతో పువ్వు అంచు లేపి, చిరగకుండా ఊడదీసింది. బస్సంతా వింటుండగా, "అద్దం మీద జిగురు ఉండిపోయింది నాన్నా, తుడువు" అంది.

నోరు జారిందని అప్పుడు తెలిసి వెనక్కి చూసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మాకు మొదటిరోజే తెలుసు," అన్నాడు కిటికీ కుర్రాడు. "మీ ఇద్దరి టిఫిను సంచులు ఒకే గుడ్డతో కుట్టారు."

"ముక్కు కూడా ఒకే గుడ్డ," అంది పాప.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మామయ్య కష్టపడి దగ్గుతున్నాడు కదా, పాపం అని."

పిల్లకు నవ్వొచ్చింది. ఆపుకుంది. అప్పుడు అచ్చం నాన్నకు పన్నునొప్పి వచ్చినట్టే ఉంది ఆ ముఖం. వెళ్ళి మూడో సీటులో కూర్చుని, ముందు సీటులోని స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పి, ఇక అటు తిరగలేదు. ఆరో తరగతి ఇంకా చాలా మిగిలి ఉంది.

రాజీ షరతులు మర్నాడు పొద్దున అన్నం దగ్గర తేలాయి. చూడొచ్చు. నవ్వొచ్చు, కానీ పళ్ళు కనబడకూడదు. 'బంగారం' ఇప్పటికీ వద్దు. అమ్మ చెయ్యి ఊపొచ్చు, ఒక్కసారే.

పువ్వు ఇప్పుడు హారన్ మీద ఉంది. అద్దం మీద జిగురు తుడిచేసిన నిదానంగారు బస్సు కదిలించే ముందు ముఖాలన్నీ చూస్తారు. మూడో సీటు దగ్గర పెదవులు బిగించి నవ్వుతారు. ఆ తర్వాత కళ్ళు మూసుకుంటారు. ముందు చూపు, తర్వాత ప్రార్థన, వరస మార్చుకున్నారు. ప్రార్థనలో కూడా ఒక ముక్క చేరింది.

"ఎక్కినవాళ్ళందర్నీ క్షేమంగా దింపించు తండ్రీ. ఎక్కకుండా గదులన్నీ వెతుక్కుంటున్నవాళ్ళెవరైనా ఉంటే, ఆ బాక్సేదో బ్యాగులోనే ఉందని తొందరగా గుర్తుచెయ్యి."