వీడియోలో నేసిన చీర

మా కోడలు బాలమణిది చూడముచ్చటైన మొహం. తంటా అంతా వచ్చిందే దానివల్ల.

గద్వాలలో నెట్ సెంటర్లు కొత్తగా తెరిచిన రోజులవి. పట్నం నుంచి ఒకాయన కెమెరా పట్టుకొని మా ఇంటికొచ్చాడు. మా ఇంట్లో చీరలు నేసేది నా కొడుకు మొగులయ్య. కోడలు నూలు కండెలు చుడుతుంది. అయినా ఆయన, "మీరు కూర్చోండమ్మా, చూడ్డానికి బాగుంటది" అని బాలమణిని మగ్గం గుంటలోకి దింపాడు. పెళ్లి చీర కట్టుకొని, పోగు తోసే నాడె చేత పట్టుకొని, కెమెరా వైపు చూసి నవ్విందది. ఒక్క పోగు నేసింది లేదు.

ఆ వీడియో ఇంటర్నెట్‌లో పెట్టాడు. కాలేజీకి పోయే మా మనవరాలు రమ్య అందరినీ తీసుకెళ్లి చూపించింది. అందులో మొగులయ్య లేడు. వాడి చెయ్యి కూడా లేదు. ఆ పూట వాడు అన్నం సగంలోనే వదిలి లేచాడు.

వీడియో కింద మా నంబరుంది. బెంగళూరు నుంచి ఒక తెలుగావిడ ఫోన్ చేసింది. బిడ్డ పెళ్లికి బాలమణి నేసిన చీరే కావాలట, నేస్తుంటే చూడ్డానికి వస్తుందట.

"నేను నేస్త. ఆమె వచ్చిన్నాడు నువ్వు కూసొని నవ్వు. నీకు అలవాటే గద," అన్నాడు మొగులయ్య.

కోడలి మొహం ఎర్రబడింది. "ఒక్కపారి ఉత్తగ కూసున్న. ఇగ గట్ల కూసోను. నేర్పుతవా, లేదా?"

"నీతోటి యాడైతది?"

నాకు ఒళ్లు మండింది. "ఏందిరా, నువ్వు కడుపులకెల్లే నేసుకుంట వచ్చినవా? లే, జరుగు!"

"అత్తమ్మా, నువ్వు నా దిక్కు మాట్లాడుతున్నవా?"

"నీ దిక్కు గాదు, చీర దిక్కు. చెడగొట్టినవనుకో, అప్పుడు సూడు నా నోరు."

మా చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగూ పోగూ పెనవేసుకోవాలి. లేకుంటే అంచు ఊడి చేతికొస్తుంది. కోడలికి అదే కుదరలేదు. నేసిందంతా విప్పించాను. మళ్లీ నేసింది, మళ్లీ విప్పించాను. వాడకట్టు ఆడవాళ్లు "హీరోయిన్ మగ్గమెక్కింది" అని నవ్వారు. నవ్వనీ అని తలుపు తెరిచే ఉంచాను.

చూసి చూసి మొగులయ్యే వచ్చి పక్కన కూర్చున్నాడు. "గంత గట్టిగ గుంజకు. పట్టు అది, బర్రె పలుపు గాదు."

"గీ ముచ్చట ముందుగాల చెప్తె నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?"

వాడు నవ్వి, అవతలి అంచు నేసే నాడె అందుకున్నాడు.

బెంగళూరు ఆవిడ వచ్చేసరికి చీర సగమైంది. బాలమణే ముందు నోరు తెరిచింది. "వీడియోల ఉత్తగ కూసున్ననమ్మా, అప్పుడు నాకు నేసుడు తెల్వదు. గిది మాత్రం నేనే నేసిన. మా ఆయన నేర్పిండు, అవతలి అంచుకు చెయ్యేసిండు. ఇష్టముంటె తీస్కో."

ఆవిడ అంచు కలిసే చోట వేలితో తడిమింది. గట్టిగా లాగి కూడా చూసింది. "ఇదే కావాలి," అని సంచిలోంచి కెమెరా తీసింది. "ఇద్దరూ ఒకసారి ఇటు చూసి నవ్వండి."

మొగులయ్య జుట్టు సర్దుకొని మరీ చూశాడు. కోడలు తలెత్తలేదు.

"జర ఆగమ్మా," అంది. "పోగు తెగింది."